చదివినోళ్లదే చీటీ

పిల్లలకు చదవడం వచ్చిందో లేదో తల్లిదండ్రులకు తెలియదు, నాకు తెలుసు. ఈ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు. నారాయణగూడలో ఒక బడిలో చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా ఒకటో తరగతి తప్ప ఇంకో తరగతి చెప్పలేదు. పెద్ద తరగతులు ఇస్తామన్నా పోలేదు. అశోక్‌నగర్‌లో మా వీధిలో ఎవర్ని అడిగినా అరుంధతి టీచర్ ఇల్లు చూపిస్తారు. గ్రూప్ వన్ అని, గ్రూప్ టూ అని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు బరువైన సంచులు మోసుకుంటూ కోచింగ్ సెంటర్లకు తిరిగే వీధి అది. వాళ్లను చూసినప్పుడల్లా నాకు కొంచెం ఒళ్లు మండుతుంది. వీళ్లు రేపు పెద్ద ఆఫీసర్లయితే కోచింగ్ సెంటర్ వాళ్లు ఫొటోలు వేసుకుంటారు. 'అ' దిద్దబెట్టిన పంతులమ్మ ఫొటో ఎవరూ వెయ్యరు.

మా ఇంటి పై పోర్షన్‌లో నరేంద్ర, కుసుమ కిరాయికుండేవారు. వాళ్ల తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన కుటుంబం. ఇద్దరూ ఆఫీసులకు పోయేవాళ్లే. వాళ్ల ఒక్కగానొక్క కూతురు సింధూర, ఒకటో తరగతి. బడి బస్సు దిగి పైకి పోకుండా నేరుగా నా దగ్గరికే వచ్చేది, కుసుమ వచ్చేదాకా నాతోనే ఉండేది. నన్ను టీచరమ్మమ్మ అంటుంది. ఆ పిలుపు ఎవరూ నేర్పలేదు, తనే కల్పించుకుంది. నాకు అంతకుముందు ఎవరూ అమ్మమ్మ అనలేదు కాబట్టి ఆ పిలుపు నాకు బాగా నచ్చింది.

మొదట్లో కుసుమ తన కూతురికి చదవడం వచ్చేసిందని మురిసిపోయేది. స్కూటీ మీద చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదుగా పోతుంటే మిఠాయి దుకాణం, మందుల షాపు, టిఫిన్ సెంటర్, చీరల కొట్టు, అన్నిటి పేర్లూ వరసగా చెప్పేస్తోందట.  మర్నాడు అదే మిఠాయి దుకాణం పేరు తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాసి పిల్ల ముందు పెట్టాను. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇది ఎవరి పేరని నన్నే అడిగింది. ఎర్ర బోర్డు, పసుపు అక్షరాలు, పక్కన లడ్డూల బొమ్మ ఉంటేనే ఆమెకు అది మిఠాయి దుకాణం.

కుసుమ చిన్నబుచ్చుకుంది. తప్పేం లేదని నేనే సర్దిచెప్పాను. పిల్లలు మాటను మొదట మనిషిని గుర్తుపట్టినట్టే గుర్తుపడతారు. మేనమామ వస్తే మేనమామ అంటారు గానీ కన్ను, ముక్కు, చెవి అని కూడబలుక్కుని అనరు కదా. మాట మొత్తం వాళ్లకు ఒక మొహం. ఆ మొహంలో కన్నేది, ముక్కేది అని విడదీసి చూడ్డం వచ్చిన రోజు చదువు మొదలవుతుంది. విడదీసినవాటిని మళ్లీ కలిపి, కలిపినట్టు తనకే తెలియకుండా ఒక్క చూపులో అనేసిన రోజు చదువు వచ్చినట్టు. ఈ రెండు రోజుల మధ్య ఉన్నదే నేను ఇన్నేళ్లు చేసిన ఉద్యోగం.

నా పద్ధతి పాతది. పలక మీద నేను పెద్దగా, గుండ్రంగా రాస్తాను. పిల్లలు దాని మీదే దిద్దాలి, గీత లావెక్కి పలక తెల్లబడేదాకా. ఈ కాలంలో అచ్చు కాగితాల మీద చుక్కలు కలిపిస్తున్నారు. చుక్కలు కలిపితే అక్షరం వస్తుందేమో గానీ, చెయ్యి తిరగదు. సింధూర నా అక్షరాల మీదే దిద్దింది. అందరిలాగే ప, వ, మ దగ్గర తడబడి, ఈ ముగ్గురూ కజిన్సా అని అడిగింది. అవునన్నాను. ఒత్తులున్న మాటల్లో మొదట దిద్దింది 'ఇల్లు'. లకారం కింద ఇంకో ల ఎందుకు కూర్చుందని అడిగితే, కింది పోర్షన్‌లో నేనున్నట్టే అని చెప్పాను. ఆ మాట ఎక్కడ కనబడినా ఆమె వేలు పెట్టి చూపించేది.

నాకింకో నియమం ఉంది. ఒక స్టీలు డబ్బాలో చీటీలు వేసి పెడతాను. ఒక్కోదాని మీద పిల్లలు అంతకుముందు చూడని చిన్న వాక్యం ఉంటుంది. రోజూ ఒకటి తియ్యాలి. సాయం లేకుండా చదివితే ఆ చీటీ చదివిన పిల్లదే, ఇంటికి తీసుకుపోవచ్చు. మొదటి చీటీ గెలిచిన రోజు నేను పుట్నాలు, బెల్లం పెడతాను. 'చదివిన చీటీ చదివినోళ్లదే' అని మా తరగతిలో పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్లు. నా దగ్గర చదివిన పిల్లల్లో చీటీ గెలవకుండా పోయినవాళ్లు లేరు. ఫిబ్రవరి వచ్చినా సింధూర మాత్రం మొదటి చీటీ గెలవలేదు. అక్షరాలన్నీ విడివిడిగా అంటుంది, కలిపి చెప్పమంటే నా మొహం చూస్తుంది. నా పెదాలు కదిలితే వాటిని చూసి చెప్పేద్దామని.

ఆ రోజుల్లోనే నరేంద్ర ఆఫీసు కోకాపేట వైపు మారింది. పొద్దున పోయిన మనిషి ట్రాఫిక్‌లో పడి కూతురు పడుకున్నాక వస్తున్నాడు. మే నెలలో అటే ఒక ఫ్లాట్‌కు మారదామని నిర్ణయించుకున్నారు. కుసుమ కిందికొచ్చి ఆ సంగతి చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్లకు మాత్రం పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని బతిమాలింది. అంతకుముందు బడి మార్చినప్పుడు సింధూర రోజుల తరబడి అన్నం సరిగా తినలేదట. ఈసారి సెలవుల్లో కొత్త ఇల్లు చూపించి, మెల్లగా తామే చెబుతామంది.

పిల్లల దగ్గర దాచడం నాకు నచ్చదు. కానీ ఆమె కన్నతల్లి, నేను ఇంటి ఓనర్‌ని. సరేనన్నాను.  నాకు కిరాయిదార్లు దొరక్కపోరు. సాయంత్రం బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చే పిల్ల దొరకదు. ఆమె వెళ్లేలోపు ఒక్క చీటీ అయినా గెలిపించి పంపాలని గట్టిగా అనుకున్నాను.

బర్కత్‌పురలో ఉండే మా తమ్ముడు విద్యాసాగర్ సంగతి తెలిసిన మర్నాడే ఒక ఫ్లెక్సీ పట్టుకుని దిగాడు. దాని మీద టు-లెట్ అని ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు, పక్కన మా ఇంటికి ఏ సంబంధమూ లేని మూడంతస్తుల బంగళా బొమ్మ. ఈ దరిద్రం నా గేటుకు కట్టనన్నాను.

"అక్కా, నీకు ఇల్లు కిరాయికియ్యాల్నా, చేతిరాత పోటీ పెట్టాల్నా?" అన్నాడు.

రెండూ అన్నాను. రిటైరైన రోజు బడి నుంచి తెచ్చుకున్న చిన్న నల్లబల్ల అటక మీద ఉంది. దాన్ని దించి కడిగి, తెల్ల పెయింటుతో నా చేతులతో రాశాను: 'పై ఇల్లు కిరాయికి ఇస్తాము. లోపలికి వచ్చి గంట కొట్టండి.' ఆరాక గేటుకు కట్టి, ఎదురింటి అరుగు మీద నిలబడి చూసుకున్నాను. ఆ వీధిలో అంత చక్కని బోర్డు లేదు. పాప చదివేస్తుందేమోనని కుసుమ భయపడితే, నేను నవ్వేశాను.

"ఇంకో నెల దాక రాదమ్మా. నాకెర్క లేదా?" అన్నాను.

అయినా జాగ్రత్త కోసం సింధూరను గేటు దాటించేటప్పుడు నా చేతిసంచీ బోర్డుకు అడ్డం పెట్టేదాన్ని. ఆకాశంలో విమానం చూడమనేదాన్ని. నా జన్మలో ఒక పిల్లను చదవకుండా ఆపడానికి ప్రయత్నించడం అదే మొదటిసారి, నాకు అది అస్సలు చేతకాలేదు.

బోర్డు కట్టాక ఒక వింత జరిగింది. ఇల్లు అడగడానికి ఎవరూ రాలేదు. అశోక్‌నగర్‌లో పొద్దున బోర్డు కడితే సాయంత్రం క్లాసులు వదిలేసరికి జనం వస్తారు. నోటిఫికేషన్ పడిన కాలంలో అయితే మెట్ల కింద జాగా అయినా ఇవ్వమని అడుగుతారు. నా గంట మాత్రం మోగలేదు. విద్యాసాగర్ ఫోన్ చేసినప్పుడల్లా దెప్పడం మొదలుపెట్టాడు. ఈ కాలం పిల్లలు అన్నీ ఫోన్లలోనే వెతుకుతారు, నీ గుండ్రటి అక్షరాలు ఎవరు చూస్తారని. నేను పైకి కస్సుమన్నా లోపల కొంచెం నీరుగారిపోయాను.

సింధూర కూడా మారింది. అంతకుముందు పైన ఆ పిల్ల తాడాట ఆడితే నా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఊగేది. జనవరిలో ఒకసారి నేను తలనొప్పితో పడుకుని ఉంటే దబదబ దూకుతోంది. మెట్ల దగ్గర నిలబడి, ఇట్ల దూకితే ఇల్లు ఖాళీ చేపిస్తా అని పైకి వినబడేలా కేకేశాను. నా కోపం అలాంటిది, వస్తుంది, పోతుంది, నాకే గుర్తుండదు. ఇప్పుడు పైనుంచి చప్పుడే లేదు. మెట్లు కూడా చెప్పులు చేతిలో పట్టుకుని ఎక్కుతోంది. పరీక్షల భయమేమో అనుకుంది కుసుమ. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోంది అనుకున్నాను నేను.

బడి నుంచి వచ్చాక లోపల కూర్చోకుండా పలక తీసుకుని గేటు పక్కన మెట్టు మీద కూర్చునేది. లోపల ఉక్కగా ఉందనేది. మార్చి ఎండలకు అది నిజమే, పైగా ఆ మెట్టు మీదికి బోర్డు వెనక వైపే కనబడుతుంది కాబట్టి నేనూ పట్టించుకోలేదు. చీటీల డబ్బా తీసుకుపోతే మాత్రం చీటీ తెరవకుండానే రాదు అనేది, గేటు వైపే చూస్తూ. వచ్చిన అక్షరాలు కూడా మర్చిపోతోందేమోనని నాకు దిగులు పట్టుకుంది. మేలో వెళ్లిపోతుంది, కొత్త చోట ఎవరు దిద్దబెడతారు, చీటీ గెలవకుండా నా గేటు దాటే మొదటి పిల్ల ఈమేనా అని. నా దగ్గర చదువు రాని పిల్ల, అదీ నాకు అందరికంటే ఎక్కువైన పిల్ల. ఆ ఆలోచనకు నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు పొద్దున, సింధూర బడికి పోయాక, ఎట్టకేలకు గంట మోగింది. రాగిణి అనే అమ్మాయి, వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా చదువుకుంటుందట, హాస్టల్ తిండి పడక ఇల్లు చూసుకుంటున్నారట. కుసుమ నా దగ్గర ఇచ్చిపోయిన తాళంచెవి తీయబోతుంటే ఆ పిల్ల మొహమాటంగా ఆగింది.

"ఆంటీ, ఇల్లు నిజంగనే ఇస్తరా? మొన్న సాయంత్రం వచ్చినం. మెట్టు మీద కూసున్న పాప, ఇల్లు ఇవ్వరు పొండి అన్నది. మా హాస్టల్లోళ్లు వస్తే గూడ అట్లనే పంపించిందట. బోర్డు ఇంక ఉంది గదా అని మళ్ల వచ్చిన."

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. వాళ్లకు ఇల్లు చూపించాను, నచ్చిందన్నారు, మే తర్వాత రమ్మన్నాను. ఏం మాట్లాడానో కూడా సరిగా గుర్తులేదు. పిల్లకు తెలిసిపోయింది, తెలిసి ఇన్ని రోజులు ఒక్కతే మోసుకుంటోంది, ఆ సంగతి తప్ప ఇంకేదీ నా బుర్రలో లేదు.

సాయంత్రం సింధూర ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుంటే నేనూ మోకాళ్లు పట్టుకుని పక్కన కూలబడ్డాను. డబ్బా తీసుకుపోలేదు. మొన్న ఒక అక్క వస్తే ఇల్లు ఇవ్వరని చెప్పావా అని మెల్లగా అడిగాను. బలపం పక్కన పెట్టి తలూపింది. ఎందుకని అడిగితే పలక అంచు గీకడం మొదలుపెట్టింది. తర్వాత నా వైపు చూడకుండా అంది:

"నేను దూకడం మానేశాను కదా టీచరమ్మమ్మా. చెప్పులు కూడా చేతిలో పట్టుకుని ఎక్కుతున్నా. ఇంకా ఎందుకు ఖాళీ చేయమంటున్నావ్?"

 జనవరిలో మెట్ల దగ్గర వేసిన కేక అప్పుడు గుర్తొచ్చింది.  బోర్డు మీద ఉన్నది ఆమెకు ఎవరు చదివి చెప్పారని అడిగాను. ఇల్లు అడగడానికి వచ్చినవాళ్లెవరో చెప్పిపోయి ఉంటారని నా ఆశ.

"ఎవరూ చెప్పలేదు, నేనే చదివాను. నువ్వు కట్టిన రోజే. షాపు బోర్డులు నాకు రావు, వంకర వంకరగా ఉంటాయి. ఇది నీ రాత కదా. మొదట 'ఇల్లు' కనిపించింది. తర్వాత ఆగి ఆగి మిగతాది. అన్నీ నేను దిద్దినవే."

ఏం పంతులమ్మనో నేను. ఈ ఊళ్లో ఇన్ని బోర్డులున్నాయి, అందులో ఈ పిల్ల చదవగలిగింది ఒక్కటే, అది నా చేత్తో నేనే రాసి కట్టాను. విద్యాసాగర్ ఫ్లెక్సీ కట్టి ఉంటే అది ఆమెకు బంగళా బొమ్మ అయ్యేది, అంతే. పిల్లలకు అక్షరం కంటే ముందు అక్షరం రాసిన చెయ్యి తెలుస్తుందని నాకంటే ఎక్కువ ఎవరికి తెలియాలి? అందం చూసుకుని మురిశాను. సంచీ అడ్డం పెట్టాను, విమానం చూపించాను. ఆ పిల్ల అప్పటికే చదివేసి, చదివినట్టు చెబితే నేను ఇంకా కోప్పడతానేమోనని చెప్పులు చేతిలో పట్టుకుంది.

కుసుమకు ఇచ్చిన మాట అక్కడే వదిలేశాను.

"నేను పంపిస్తలేను బిడ్డా. నీ దూకుడు మీద నాకు కోపమే లేదు. నువ్వు దూకకుంటే నాకే తోస్తలేదు. మీ నాయన ఆఫీసు దూరమైంది. అందుకని మీరే పోతున్నరు. నాకైతే నిన్ను పంపుడు అస్సలు ఇష్టం లేదు."

సింధూర నా మొహంలోకి చూసింది, చీటీ చదవలేనప్పుడు చూసే చూపే.

"నువ్వు పొమ్మనలేదా?"

"అనలేదు."

అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజులు ఆపుకున్నదంతా నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, వీధిలో పోయేవాళ్లు చూస్తున్నా సరే అని. అదే సమయానికి కుసుమ స్కూటీ ఆపి, మమ్మల్ని చూసి కంగారుగా దిగింది. నీ కూతురు బోర్డు చదివిందమ్మా, కట్టిన రోజే చదివింది అని చెప్పాను. దూకుడు సంగతి కూడా చెప్పాను.  ఆమె హెల్మెట్ తీసి గేటుకు తగిలించి, తనూ మెట్టు మీద కూర్చుని, కూతురి చెప్పులు తీసుకుని కాళ్లకు తొడిగింది. ఇంక తొడుక్కునే ఎక్కాలని చెప్పింది.

కాసేపటికి నాకు నా పని గుర్తొచ్చింది. లోపలికి పోయి పుట్నాలు, బెల్లం గిన్నెలో వేసుకుని వచ్చాను. ఒక్క అక్షరం సాయం లేకుండా, చూడని వాక్యాలు రెండు చదివింది. ఒకటి చదివితేనే పెడతాను, ఇది రెండు. ఆలస్యమైనందుకు బెల్లం ఎక్కువేశాను. సింధూర ఎక్కిళ్ల మధ్యే తినడం మొదలుపెట్టింది. నోటి నిండా పుట్నాలతో గేటు వైపు చూసి అడిగింది.

"అయితే ఆ బోర్డు నాదే కదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"చదివిన చీటీ చదివినోళ్లదే కదా టీచరమ్మమ్మా."

నేను పెట్టిన నియమమే.  తనే మెట్టెక్కి ముడి విప్పబోతే అందలేదు. కుసుమ ఎత్తుకుంది, నేను తాడు విప్పాను. తన ఛాతీకంటే పెద్దదైన ఆ నల్లబల్లను రెండు చేతులతో పొదువుకుని పైకి పోయింది. చెప్పుల చప్పుడు మెట్టు మెట్టుకూ వినిపించింది. కాసేపటికి పైన దబదబమని దూకుడు మొదలైంది. నేను కింద కూర్చుని ఫ్యాన్ ఊగడం చూశాను.

మేలో వాళ్లు వెళ్లారు. సామాన్లన్నీ లారీలో పోయాయి, బోర్డు మాత్రం కారులో సింధూర ఒళ్లో పోయింది. రాగిణి, వాళ్లమ్మ పైకి వచ్చారు. ఆ అమ్మాయి నెమ్మదస్తురాలు, చదువుకునేటప్పుడు పేజీ తిప్పిన చప్పుడు కూడా వినబడదు. అలాంటి కిరాయిదార్లు దొరకడం అదృష్టమని విద్యాసాగర్ అంటాడు. నాకు మాత్రం సాయంత్రం బడి బస్సు వచ్చే వేళకు ఇల్లు బావురుమన్నట్టే ఉంటుంది.

జూన్‌లో కుసుమ ఫోన్ చేసింది. కొత్త ఫ్లాట్‌లో సింధూర ఆ బోర్డును బయటి తలుపుకే తగిలించిందట, ఎంత చెప్పినా తియ్యదట. అపార్ట్‌మెంట్‌లోకి ఇళ్లు చూసుకోవడానికి వచ్చినవాళ్లంతా బోర్డు మీద రాసి ఉన్నట్టే గంట కొడుతున్నారట. తలుపు సింధూరే తీస్తుందట.

"ఇల్లు ఇవ్వరు," అంటుందట వాళ్లతో. "ఇది మా టీచరమ్మమ్మ రాసింది, నేను చదివింది."